బెజవాడ రాత్రి మీద న్యూ వేవ్ పాట కట్టి విడుదల చేయడం ఎలా?

నైట్‌లైఫ్ మీద పాట అనగానే పబ్బు, డీజే, రంగు లైట్లు రాయడం మనకు సినిమాల నుంచి అంటుకున్న అలవాటు. బెజవాడ రాత్రి అలా ఉండదు. గాంధీనగర్‌లో సెకండ్ షో వదిలిన జనం, షట్టర్లు దించేసిన బీసెంట్ రోడ్డు, నెహ్రూ బస్టాండులో సంచి తలకింద పెట్టుకుని నిద్రపోయే ప్రయాణికులు, తెల్లవార్లూ ఆగని రైలు కూతలు మన రాత్రి. దీనికి న్యూ వేవ్ బాగా నప్పుతుంది. 1970ల చివర బ్రిటన్, అమెరికాల్లో పంక్ రాక్ వెన్నంటి వచ్చిన ఈ సంగీత ధోరణిలో అడుగున దరువు కాళ్లను ఆడిస్తూనే ఉంటుంది, పైన గొంతు మాత్రం తనకేమీ పట్టనట్టు నిర్లిప్తంగా సాగిపోతుంది.

మొదట దరువు కట్టుకోవాలి. వేగం నిమిషానికి 120 నుంచి 140 బీట్ల మధ్య పెట్టుకుని, బీటును నాలుగు సమభాగాలు చేసే చతురస్ర గతిలోనే ఖచ్చితంగా నడపాలి. మన జానపదాలకూ మాస్ పాటలకూ అలవాటైన చేయి తెలియకుండానే బీటుకు మూడు భాగాల తిస్రంలోకి జారుతుంది. జారిన మరుక్షణం అది తీన్‌మార్ అవుతుందే తప్ప న్యూ వేవ్ కాదు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్, 1982 నాటి జూనో-60, 1983 నాటి యమహా డీఎక్స్7 కీబోర్డుల నాదమే ఈ సంగీతానికి గుర్తు. వాటిని కొనవలసిన పని లేదు, వాటిని అనుకరించే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. బేస్‌ను ఒకే స్వరం మీద, కింది స్థాయికీ పై స్థాయికీ మార్చి మార్చి, బీటుకు రెండు చొప్పున వాయించాలి. గిటారు ఉంటే, ఒకే నాదం రెండు మూడుగా కలిసి మోగినట్టు చేసే కోరస్ ఎఫెక్టు వేస్తే చాలు.

అసలు కష్టం సాహిత్యం దగ్గర వస్తుంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున బీటుకు నాలుగు మాత్రలు లెక్కపెట్టుకుని రాస్తే సగం చిక్కులు తీరిపోతాయి. ఉదాహరణకు ‘షట్టరు దించిన బీసెంటు రోడ్డు’ అనే పంక్తిని చూడండి. ‘షట్టరు’ నాలుగు, ‘దించిన’ నాలుగు, ‘బీసెం’ నాలుగు, ‘టు రోడ్డు’ నాలుగు. మొత్తం పదహారు మాత్రలు నాలుగు బీట్లలో కొలిచినట్టు కూర్చుంటాయి. అయితే నాలుగో బీటు ‘టు’ మీద పడి, ‘రోడ్డు’ బీటు దాటాక మొదలవుతుంది. ఛందస్సు తెలిసినవారు దీన్ని సరిచేయమంటారు, నేనైతే వదిలేస్తాను. ఆ చిన్న తొట్రుపాటు ఖాళీ వీధిలో నడకలాగే వినిపిస్తుంది. పల్లవిలో పేర్లు, వస్తువులు ఉంచండి. ‘ఒంటరితనం’ అన్న మాట ఎక్కడా రాయకండి.

పాడేవారిని ఒప్పించడం మరో పని. 1948 నుంచి విజయవాడ ఆకాశవాణి వింటూ పెరిగిన ఊరు కనుక లలిత సంగీతపు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే తీరు, ఇక్కడి గొంతుల్లో ఇంకిపోయింది. స్వరాన్ని తిన్నగా నిలపమనండి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి చివరి అచ్చును సాగదీయాలనిపిస్తుంది, దాన్ని తుంచేయమనండి. మే నెలలో ఫ్యాన్ ఆపి గంటసేపు పాడడం ఈ ఊళ్లో మానవమాత్రులకు సాధ్యం కాదు కనుక, నాలుగేసి పంక్తుల చొప్పున రికార్డు చేసుకోవడం మేలు.

వీధి చప్పుళ్లు కలపదలిస్తే జాగ్రత్త. నేను ఒకసారి టీ బండి దగ్గర గ్లాసుల గలగలను ఫోనులో పట్టుకుని పాట మొదట్లో వాడాను. వెనక రేడియోలో మోగుతున్న సినిమా పాట సన్నగా అందులో పడింది. యూట్యూబ్‌లో పెట్టిన మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, తప్పు నాదే. మిక్సింగ్ అయ్యాక పాటను బెంజిసర్కిల్ వైపు వెళ్లే షేర్ ఆటో స్పీకర్లలో ఒకసారి వినండి. అక్కడ మాటలు తెలిస్తే ఎక్కడైనా తెలుస్తాయి.

విడుదలకు ముందు రచయిత, స్వరకర్త, గాయకుల వాటాలు కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. 2012 కాపీరైట్ సవరణ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ హక్కును కాపాడింది. దాన్ని వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), అందులో ఇద్దరూ సభ్యత్వం తీసుకోవాలి. 24-బిట్ వేవ్ (WAV) ఆడియో ఫైలును, 3000 పిక్సెళ్ల చదరపు ముఖచిత్రాన్ని, పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కు కనీసం నాలుగు వారాల ముందు పంపితే, ప్రతి ట్రాకుకూ దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వారే ఇప్పిస్తారు. స్పాటిఫై ప్లేలిస్టులకు పాటను ప్రతిపాదించడానికి విడుదలకు కనీసం ఏడు రోజుల గడువుండాలి. 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలకు శుక్రవారమే వాడుకగా ఉంది కనుక ఆ రోజే పెట్టుకోండి. కళాకారుడిగా మీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ముందే తేల్చుకుని, అన్నిచోట్లా అదే స్పెల్లింగు ఇవ్వండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మీ పాట వేరొకరి పేజీలో తేలుతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది.