గోల్ఫ్ బంతిని గ్రీన్ దగ్గర నుంచి ఎంచుకోవాలి

గోల్ఫ్ సామగ్రి దుకాణంలో బంతుల డబ్బాల ముందు నిలబడినవారిలో చాలామంది మొదట అడిగేది ఏ బంతి ఎక్కువ దూరం వెళ్తుందని. డబ్బాల మీది రాతలు కూడా ఆ ఆశనే ఊరిస్తుంటాయి. అయితే ఈ ఆటను శాసించే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదనీ, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదనీ చెప్పి ఊరుకోలేదు. అది ఎంత వేగంతో బయలుదేరవచ్చో, మొత్తం మీద ఎంత దూరం పోవచ్చో కూడా హద్దులు గీశాయి. మంచి బంతులన్నీ ఆ హద్దులకు దగ్గరగానే తయారవుతాయి కనుక, డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బుతో (కర్రతో), కొట్టినప్పుడు ఒకదానికీ మరొకదానికీ మధ్య తేడా మామూలు ఆటగాడికి కొద్ది గజాలను మించదు. (అటక మీద తాతగారి కాలం నాటి చిన్న బంతుల డబ్బా దొరికితే సరదాకు దాచుకోండి. 41.15 మిల్లీమీటర్ల ఆ బంతికి 1990తో కాలం చెల్లింది.)

డ్రైవర్ చేతికి ఎన్నిసార్లు వస్తుందో కూడా ఒకసారి లెక్క వేసుకోవాలి. పార్ 72 కోర్సులో, అంటే 72 షాట్లలో ముగించాలని లెక్కగట్టిన 18 హోల్స్ మైదానంలో, సాధారణంగా నాలుగు పార్-3 (మూడు షాట్ల) పొట్టి హోల్స్ ఉంటాయి కాబట్టి, టీ మీద, అంటే హోల్ మొదలుపెట్టే చోట, డ్రైవర్ పట్టే అవకాశం మహా అయితే 14 సార్లు. మొత్తం 95 షాట్లలో ఆట ముగించే ఆటగాడికి ఇంకా 81 షాట్లు మిగిలాయి; వాటిలో పెద్ద వాటా గ్రీన్ (రంధ్రం చుట్టూ పొట్టి గడ్డి ఉన్న నున్నని చోటు) మీద బంతిని దొర్లించే పట్టింగ్‌కూ, గ్రీన్ చుట్టుపక్కల ఆడే చిప్, పిచ్ అనే చిన్న షాట్లకూ పోతుంది. బంతులకు బంతులకు అసలు తేడా బయటపడేది కూడా అక్కడే. అందువల్ల ఎంపిక గ్రీన్ దగ్గర మొదలై, ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్బు) షాట్ల మీదుగా, చివరికి టీ దగ్గరకు రావాలని నా అభిప్రాయం.

బంతి లోపలి నిర్మాణం కొంత తెలిస్తే ఈ మాటకు అర్థం తెలుస్తుంది. తక్కువ ధర బంతుల్లో ఎక్కువ భాగం రెండు భాగాలవి: లోపల పెద్ద రబ్బరు గుండు, పైన అయోనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ పొర. సర్లిన్ అన్న పేరుతో పాత ఆటగాళ్లు ఎరిగిన పదార్థం ఇదే. ఖరీదైన బంతుల్లో గుండుకు, పైపొరకు మధ్య ఒకటి, రెండు, కొన్నింటిలో మూడు పొరలు అదనంగా ఉండి, అన్నిటికన్నా పైన పలుచని, మెత్తని యూరెథేన్ పొర ఉంటుంది. డ్రైవర్ దెబ్బకు బంతి గుండు దాకా నొక్కుకుపోతుంది; వెడ్జ్‌తో (తక్కువ దూరాలకు వాడే, ముఖం బాగా వాలిన క్లబ్బుతో) ఆడే చిన్న షాట్‌లో పనంతా పైపొరదే. క్లబ్బు ముఖం మీది సన్నని గాడులు యూరెథేన్‌ను పట్టుకుని తిప్పినంతగా అయోనోమర్‌ను తిప్పలేవు. 2000లో టైట్లిస్ట్ సంస్థ ప్రో వి1 బంతిని తెచ్చినప్పుడు, అంతవరకూ రబ్బరు దారం చుట్టిన బంతులనే నమ్ముకున్న వృత్తి ఆటగాళ్లు కొద్దికాలంలోనే దాని వైపు మళ్లడానికి కారణం, దూరమూ గ్రీన్ మీది పట్టూ ఒకే బంతిలో కుదరడమే.

ఈ తేడాను ఎవరికి వారు పరీక్షించుకోవచ్చు. ఒక యూరెథేన్ బంతి, ఒక రెండు భాగాల బంతి, ఆ రెంటికీ నడుమ ధరలో ఉన్నది మరొకటి తీసుకుని, రద్దీ లేని వేళ ప్రాక్టీసు గ్రీన్‌కు వెళ్లండి. గ్రీన్ అంచుకు ముప్పై అడుగుల దూరంలో నిలబడి, ఒకే వెడ్జ్‌తో, ఒకే చోట పడేలా, ఒక్కొక్క బంతితో పదేసి షాట్లు ఆడండి. బాగా తగిలిన షాట్లలో యూరెథేన్ బంతి ఒక గెంతు గెంతి, రెండో గెంతుకు ఎవరో తోక పట్టుకుని లాగినట్టు తటపటాయించి ఆగుతుంది. గట్టి పొర బంతి అదే చోట పడి కూడా జెండా దాటి మరికొన్ని అడుగులు దొర్లుతుంది. ఎండాకాలంలో గట్టిపడిన గ్రీన్ల మీద ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పది షాట్లలో ఏడెనిమిది క్లబ్బు ముందు నేలకు తగిలో, బంతి నెత్తిన తగిలో పాడవుతుంటే మూడు బంతులూ ఒకే తీరుగా ప్రవర్తిస్తాయి. అప్పుడు ఖరీదైన బంతికి పెట్టే డబ్బును పాఠాలకు పెట్టడం మేలు.

పరీక్షలో రెండో భాగం పట్టింగ్. పట్టర్ తగిలినప్పటి చప్పుడు, చేతికి తెలిసే మెత్తదనం వ్యక్తిగత అభిరుచికి సంబంధించినవే గానీ, కొట్టే బలాన్ని చెవి కూడా అంచనా వేస్తుంది కాబట్టి వాటిని తీసిపారేయకూడదు.

తరువాత ఐరన్లు. ఏడో నంబరు ఐరన్‌తో కొట్టిన బంతి గ్రీన్ మీద పడి వెనక అంచు దాటి పోతుంటే మరింత ఎత్తుకు లేచి, ఎక్కువ స్పిన్‌తో దిగే బంతి కావాలి. ఇక టీ దగ్గర స్లైస్‌తో, అంటే బంతి కుడికి వంగిపోవడంతో, బాధపడేవారికి తక్కువ స్పిన్ బంతి కొంత ఊరట ఇస్తుంది. కుడికి వంగే బంతి కొంచెం తక్కువ వంగుతుందే తప్ప, స్వింగ్‌లో ఉన్న లోపం అలాగే ఉంటుంది. పైగా అదే బంతి గ్రీన్ మీద కూడా తక్కువగానే ఆగుతుంది.

కంప్రెషన్ (బంతి ఎంత గట్టిదో చెప్పే అంకె) గురించి దుకాణాల్లో వినిపించే మాట ఒకటుంది: స్వింగ్ వేగం తక్కువైనవారు మెత్తని బంతిని నొక్కగలరు కాబట్టి దానితోనే ఎక్కువ దూరం కొడతారని. నిజానికి మెల్లని స్వింగ్ కూడా గట్టి బంతిని నొక్కుతుంది. వేగంగా కొట్టేవారికి మెత్తని బంతి కొంత దూరం తగ్గిస్తుంది. మెల్లగా కొట్టేవారికి తేడా స్వల్పం. అందువల్ల కంప్రెషన్ అంకెను చేతికి హాయిగా ఉందా లేదా అన్నదానికి గుర్తుగా మాత్రమే చూడడం మంచిది.

జేబు సంగతి కూడా దాచిపెట్టనక్కరలేదు. గోల్కొండ నయాఖిలా చుట్టూ ఉన్న కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో రాళ్ల మధ్య ఆడేవారికి బంతి పోవడం, పోకపోయినా రాయికి తగిలి గీరుకుపోవడం కొత్త కాదు. ఒక ఆటలో మూడు నాలుగు బంతులు పోగొట్టుకునే దశలో ఉన్నవారు రెండు భాగాల బంతితో ఆడడమే వివేకమని నా సలహా. ఖరీదైన బంతి పోతుందన్న భయంతో కొట్టే షాట్ ఎప్పుడూ బిగుసుకుపోతుంది.

చెరువుల నుంచి తీసి అమ్మే వాడిన బంతులు కొనేటప్పుడు ఒక తేడా గమనించాలి. కడిగి, నాణ్యత ప్రకారం వేరుచేసినవి ఒక రకం. పాత పొరను గీకి, కొత్త రంగు వేసి, పేరు మళ్లీ అచ్చు వేసినవి రెండో రకం. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో చవకగా వస్తున్నాయని రెండు డజన్లు తెప్పించుకున్నాను. నాలుగో హోల్‌లో బంకర్ (ఇసుక గుంట) నుంచి కొట్టిన బంతిని తుడిచేసరికి తెల్లని రంగు పెచ్చులుగా తువ్వాలుకు అంటుకుంది, దాని కింద మరో సంస్థ ముద్ర కనిపించింది. మొదటి రకమైతే ప్రాక్టీసుకు పనికొస్తాయి.

బంతులను కారు డిక్కీలో వదిలేయకండి. మే నెల ఎండలో అక్కడ పుట్టే వేడి వాటికి మంచిది కాదు. డిసెంబరు ఉదయాల చలికి బంతి కొంత మందగించడమూ నిజమే. కానీ ఆట మధ్యలో దాని పనితీరు మార్చాలని వేడిచేయడం నియమాలకు విరుద్ధం.

ఎంచుకున్నాక వెంటనే డజను కొనకుండా, మూడు బంతుల స్లీవ్ ఒకటి తీసుకుని రెండు మూడు ఆటలు ఆడి చూడండి. నచ్చితే ఆ రకానికే కట్టుబడండి. రోజుకో రకంతో ఆడితే చిప్ ఎంత దొర్లుతుందో చేతికి ఎప్పటికీ అలవాటు కాదు. బంతి మీది 1 నుంచి 4 వరకూ ఉండే అంకెకు నాణ్యతతో సంబంధం లేదు, అది గుర్తుపట్టడానికే. పక్కవారు కూడా అదే రకం, అదే అంకె ఉన్న బంతితో ఆడుతుండవచ్చు కాబట్టి, మొదటి టీకి వెళ్లే ముందే అంకె కింద చెరిగిపోని పెన్నుతో రెండు చుక్కలు పెట్టుకోండి. హోల్ ఆడుతుండగా బంతి చీలినా, తెగినా మరొకటి తీసుకోవచ్చు. ఉత్త గీతలు పడితేనో, రంగు పోతేనో ఆ హోల్ ముగిసేదాకా దానితోనే ఆడాలి.