డాలర్ పెత్తనం తగ్గుతోందా? లెక్క చూసే పద్ధతి

డాలర్ విలువ పడినప్పుడల్లా ‘డాలర్ పని అయిపోయింది’ అనే మాట మొదలవుతుంది. విలువ వేరు, పెత్తనం వేరు. కొన్ని పెద్ద కరెన్సీలతో డాలర్‌ను పోల్చే సూచీ ‘డాలర్ ఇండెక్స్’ చెప్పేది విలువ ఒక్కటే. 1973 మార్చిలో 100తో మొదలైన ఆ సూచీలో ఉన్నవి ఆరు కరెన్సీలే, అందులోనూ యూరో ఒక్కదానికే 57.6 శాతం బరువు. చైనా యువాన్‌కు చోటే లేదు. ముందు ఆ చార్టు పక్కన పెట్టేయండి.

మొదట చూడాల్సింది కేంద్ర బ్యాంకుల విదేశీ మారక నిల్వలు. అంతర్జాతీయ ద్రవ్యనిధి మూడు నెలలకోసారి ‘కోఫర్’ పేరుతో ఈ లెక్కలు ఇస్తుంది. అవి ఒక త్రైమాసికం ఆలస్యంగా వస్తాయి కాబట్టి నిన్నటి వార్తకు ఇందులో జవాబు వెతకొద్దు. 2000 ప్రాంతంలో 70 శాతం దాటి ఉన్న డాలర్ వాటా 2024 చివరికి 58 శాతం దగ్గరికి దిగింది. బంగారం ఇందులో కలవదు.

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఈ పట్టికలో అన్ని కరెన్సీలనూ డాలర్లలోకి మార్చి చూపిస్తారు. ఒక దేశం దగ్గర 60 డాలర్లు, 40 డాలర్ల విలువైన యూరోలు ఉన్నాయనుకోండి. యూరో 10 శాతం పెరిగితే ఆ 40 కాస్తా 44 అవుతుంది, మొత్తం 104. డాలర్ వాటా 60 నుంచి 57.7 శాతానికి పడింది, కానీ ఒక్క డాలరూ ఎవరూ అమ్మలేదు! అందుకే ప్రతి కరెన్సీ మొత్తాన్నీ పాత త్రైమాసికం చివరి మారకపు రేటుతో మళ్లీ లెక్కగట్టండి. అప్పటికీ మిగిలిన తగ్గుదలే అసలైనది. అది ఎటు వెళ్లిందో కూడా చూడండి. యువాన్ వాటా 2 శాతం దగ్గరే ఉంది. ఆస్ట్రేలియా, కెనడా డాలర్ల వంటి చిన్న కరెన్సీలకూ చాలా భాగం పంచుకుపోయింది.

తర్వాత కరెన్సీ మార్పిడి లావాదేవీలు. కేంద్ర బ్యాంకులకు బ్యాంకు లాంటి ‘బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్’ మూడేళ్లకోసారి చేసే సర్వే ఇందుకు పనికొస్తుంది. ప్రతి మారకంలో రెండు కరెన్సీలు ఉంటాయి కాబట్టి ఇక్కడ వాటాల మొత్తం 200 శాతం, అది మరిచిపోతే అంకెలన్నీ తప్పుగా కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో 88 శాతం లావాదేవీల్లో ఒకవైపు డాలర్ ఉంది, 2025 ఏప్రిల్‌లో 89. నిల్వల్లో తగ్గుతున్నా బజారులో తగ్గలేదన్నమాట.

నా లెక్కలో అన్నిటికంటే గట్టి పరీక్ష సంక్షోభం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ప్రతి గురువారం విడుదల చేసే ఆస్తి అప్పుల పట్టీలో ‘సెంట్రల్ బ్యాంక్ లిక్విడిటీ స్వాప్స్’ అనే వరుస వెతకండి. ఇతర కేంద్ర బ్యాంకులు అక్కడి నుంచి తీసుకున్న డాలర్లు అవి. మామూలు రోజుల్లో ఆ అంకె చాలా చిన్నది. కరోనా సంక్షోభంలో అందరూ డాలర్ల కోసమే ఎగబడటంతో 2020 మే చివర అది దాదాపు 45 వేల కోట్ల డాలర్లకు చేరింది.