డెబియన్ ప్యాకేజీ పని నేర్చుకుందాం – 6: ఇక్కడ కట్టి, అక్కడ నడపడం

అయిదో భాగం ముగిసేసరికి డెబియన్ లినక్స్ కోసం మనం కడుతున్న సాధన ప్యాకేజీ ‘పదకోశం’ ఏఎండీ64 (మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) కంప్యూటర్ మీద చక్కగా తయారవుతోంది. ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్ కూడా నోరెత్తడం లేదు. ఇప్పుడు అదే సోర్సును, అదే కంప్యూటర్ మీద, ఏఆర్ఎం64 అనే మరో రకం ప్రాసెసర్ ఉన్న యంత్రాల కోసం కడదాం. ఇలా ఒక ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) మీద మరోదాని కోసం కట్టడమే క్రాస్ బిల్డ్.

దీనివల్ల లాభమేమిటని అడగడం న్యాయమే. డెబియన్ అధికారిక భాండాగారంలోని ప్యాకేజీలు మామూలుగా ఆయా ఆర్కిటెక్చర్ల సొంత యంత్రాల మీదే తయారవుతాయి. అయితే కొత్త ఆర్కిటెక్చర్ పుట్టినప్పుడు దాని మీద నడిచే కంపైలర్ ఉండదు, సీ లైబ్రరీ ఉండదు, చివరికి షెల్ కూడా ఉండదు. తొలి విడత ప్యాకేజీలను మరో యంత్రం మీద కట్టి తేక తప్పదు. 2015లో డెబియన్ 8తో విడుదలైన ఏఆర్ఎం64, 2025లో డెబియన్ 13తో అధికారికంగా చేరిన రిస్క్‌వీ64 ఈ దశను దాటి వచ్చినవే. ఇంకో కారణం నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం: మీ బిల్డ్ ఫైళ్లలో దాగిన నిర్లక్ష్యాన్ని క్రాస్ బిల్డ్ పట్టిచ్చినంత త్వరగా మరేదీ పట్టివ్వదు.

మూడు పేర్లు గుర్తుంచుకోవాలి. కంపైల్ జరిగే యంత్రం ‘బిల్డ్’. తయారైన ప్రోగ్రాం నడిచే యంత్రం ‘హోస్ట్’. ‘టార్గెట్’ కంపైలర్లను, బిన్‌యుటిల్స్ వంటి పరికరాలను ప్యాకేజీ చేసేవారికి మాత్రమే కావాలి, మనకు అక్కర్లేదు. వంట ఇంట్లో, భోజనాలు కల్యాణమండపంలో అనుకోండి: గరిటె ఇంట్లోనే ఉంటుంది, కూర మండపానికి వెళ్తుంది. ప్యాకేజీ అడిగే ప్రతి వస్తువునూ ఇది గరిటా, కూరా అని విడదీయడమే ఈ పాఠంలో అసలు పని.

సన్నాహం చిన్నదే. ప్యాకేజీలను పెట్టే డీపీకేజీకి ఏఆర్ఎం64 ఆర్కిటెక్చర్‌ను జోడించి, వాటిని భాండాగారం నుంచి తెచ్చే ఆప్ట్ జాబితాలను తాజా చేసి, ‘క్రాస్‌బిల్డ్-ఎసెన్షియల్-ఏఆర్ఎం64’ ప్యాకేజీని పెట్టుకోండి. ఒకే కంప్యూటర్ మీద రెండు ఆర్కిటెక్చర్ల లైబ్రరీలు పక్కపక్కన ఉండగలిగే ఈ మల్టీఆర్చ్ ఏర్పాటు 2013 నాటి డెబియన్ 7తో వచ్చింది. సాధనకు స్థిర విడుదల ఉన్న క్రూట్‌నే (మిగతా సిస్టం నుంచి వేరుచేసిన డైరెక్టరీనే) వాడండి. అస్థిర శాఖలో ఒక లైబ్రరీ వెర్షన్ ఒక ఆర్కిటెక్చర్‌కు ముందు, మరోదానికి తరువాత చేరుతుంది. రెండు వెర్షన్లూ కలిసే వరకు ఆప్ట్ వాటిని పక్కపక్కన పెట్టనివ్వదు. ఆ తప్పు మీదేమోనని అనవసరంగా వెతుక్కుంటారు.

ఇక ప్యాకేజీ అవసరాలు రాసే కంట్రోల్ ఫైలు తెరవండి. పదకోశానికి బిల్డ్ సమయంలో కావలసినవి, అంటే డిపెండెన్సీలు, ఇవి: ప్యాకేజీ కట్టడంలో సాయపడే డెబ్‌హెల్పర్, డేటాను కుదించే జడ్‌లిబ్ లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ, పైథాన్3, మ్యాన్ పేజీ (సహాయ పత్రం) తయారుచేసే హెల్ప్‌టుమ్యాన్. ఏమీ చెప్పకపోతే డెబియన్ ప్రతి డిపెండెన్సీనీ హోస్ట్ ఆర్కిటెక్చర్‌కు చెందినదిగానే భావిస్తుంది. జడ్‌లిబ్ విషయంలో మనకు కావలసింది అదే, ఎందుకంటే మన ప్రోగ్రాం దానితో లింకవుతుంది. దానికి ‘మల్టీ-ఆర్చ్: సేమ్’ గుర్తు ఉంది కనుక రెండు ఆర్కిటెక్చర్ల ప్రతులూ ఒకేచోట ఇముడుతాయి. డెబ్‌హెల్పర్ గరిటె. దానికి ‘ఫారిన్’ గుర్తు ఉంది, అంటే ఏ ఆర్కిటెక్చర్‌ది ఉన్నా అవసరం తీరుతుంది.

పైథాన్3 దగ్గర ఆగాలి. పదాల జాబితాను వరుసలో పెట్టే స్క్రిప్టు కోసమే అది మనకు కావాలి, కనుక గరిటే. అయినా పైథాన్‌కు ‘ఫారిన్’ గుర్తు ఉండదు. సీ భాషలో రాసిన మాడ్యూళ్లు దాని లోపలికే లోడవుతాయి కనుక, వాటికి ఇంటర్‌ప్రెటర్ ఆర్కిటెక్చర్ ముఖ్యం. అందుకే దానికి ‘అలౌడ్’ గుర్తు ఇచ్చి, నిర్ణయం మనకు వదిలారు. పేరు చివర కోలన్ పెట్టి ‘ఎనీ’ అని చేర్చండి. అది లేకపోతే ఆప్ట్ ఏఆర్ఎం64 పైథాన్‌ను తెచ్చిపెట్టాలని చూస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది.

బిల్డ్ నడిపే డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్‌కు హోస్ట్ ఆర్కిటెక్చర్ ఏఆర్ఎం64 అని, ప్రొఫైళ్లు ‘క్రాస్’, ‘నోచెక్’ (పరీక్షలు వద్దు) అని చెప్పి నడపండి. బిల్డ్ ఆప్షన్ల వేరియబుల్‌లో కూడా ‘నోచెక్’ ఉంచండి. పరీక్షలంటే ఏఆర్ఎం ప్రోగ్రాంను నడపడమే, అది ఇక్కడ కుదరదు. పరీక్షలకు మాత్రమే కావలసిన డిపెండెన్సీలుంటే వాటి పక్కన నోచెక్ మినహాయింపు రాయండి.

మొదటి ప్రయత్నంలో, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ప్యాక్‌కాన్ఫిగ్, జడ్‌లిబ్ లేదంటుంది. కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదనడానికి కారణం కంపైల్ సూచనలుండే మేక్‌ఫైలులో ప్యాక్‌కాన్ఫిగ్ పేరు నేరుగా రాసి ఉండటం. ఆ పేరుతో పిలిస్తే అది ఏఎండీ64 దారుల్లోనే వెతుకుతుంది. చాలామంది ఇక్కడ ఏఎండీ64 జడ్‌లిబ్‌ను కూడా పెట్టి గొడవ వదిలించుకుంటారు. అలా చేయకండి. జబ్బు అలాగే ఉంటుంది, లక్షణం ఒక్కటే మాయమవుతుంది. నేరుగా రాసిన పేరు తీసి వేరియబుల్ వాడండి. డెబ్‌హెల్పర్ బిల్డ్ దశలో ఆ వేరియబుల్‌లోకి సరైన ఆర్కిటెక్చర్ పేరున్న ప్యాక్‌కాన్ఫిగ్‌ను, ‘సీసీ’ వేరియబుల్‌లోకి సరైన కంపైలర్‌ను పంపిస్తుంది. బిల్డ్ మెట్లు రాసే రూల్స్ ఫైలులో మేక్‌ను మీరే పిలిస్తే ఈ సాయం అందదు.

రెండో అడ్డంకి పట్టికలు తయారుచేసే చిన్న సీ ప్రోగ్రాం. అది కూడా సీసీతోనే కంపైలై ఏఆర్ఎం బైనరీగా మారుతుంది. వెంటనే దాన్ని నడపబోతే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. గరిటెను కూడా మండపానికి పంపేశాం మరి. ఆ ఒక్క ప్రోగ్రాంకు వేరే వేరియబుల్, వాడుకలో ఉన్న పేరైతే ‘సీసీ-ఫర్-బిల్డ్’, కేటాయించండి. డీపీకేజీ ఇచ్చే బిల్డ్‌టూల్స్ మేక్ ఫైలును రూల్స్‌లో చేర్చుకుంటే దాని విలువ సిద్ధంగా దొరుకుతుంది. మేక్‌కు దాన్ని అందించడం మాత్రం మరవకండి.

ఈ ఎర్రర్ మీకు రాలేదా? సంతోషించకండి. మీ కంప్యూటర్‌లో, వేరే ఆర్కిటెక్చర్ ప్రోగ్రాంలను నడిపించే క్యూఎమూ యూజర్ ఎమ్యులేషన్ ఉండి ఉంటుంది. కర్నెల్ ఏఆర్ఎం బైనరీని చప్పుడు లేకుండా దానికి అప్పగించింది. సాధన పూర్తయ్యే వరకు దాన్ని తొలగించండి. క్రూట్‌లో మాత్రమే తీసేస్తే చాలకపోవచ్చు, ఆ నమోదు కర్నెల్‌లో ఉంటుంది.

హెల్ప్‌టుమ్యాన్ కూడా అదే గోతిలో పడుతుంది. అది మన ప్రోగ్రాంను నడిపి సహాయ పాఠం చదివి మ్యాన్ పేజీ తయారుచేస్తుంది. చుట్టుదారులు ఉన్నాయి. పదకోశం లాంటి చిన్న ప్రోగ్రాంకు మాత్రం మ్యాన్ పేజీ చేత్తో రాయడమే మేలని నా పట్టుదల. పేజీ కూడా బాగుంటుంది, ఒక డిపెండెన్సీ తగ్గుతుంది.

బిల్డ్ ముగిసింది కదా అని వదిలేయకండి. డెబ్ ఫైలును విప్పి, లోపలి ప్రోగ్రాం మీద ‘ఫైల్’ ఆదేశం నడపండి. ‘ఏఆర్చ్64’ కనిపించాలి, ‘ఎక్స్86-64’ కాదు. తరువాత ఏఎండీ64 డెబ్‌ను, ఈ డెబ్‌ను డెబ్‌డిఫ్‌తో పోల్చండి. ఆటోకాన్ఫ్ వాడే సోర్సుల్లో ఇది తప్పనిసరి. అక్కడ కాన్ఫిగర్ స్క్రిప్టు ఒక చిన్న ప్రోగ్రాంను నడిపి చూసి తేల్చుకోవాల్సిన విషయాలుంటాయి. క్రాస్ బిల్డ్‌లో నడపలేదు కనుక కొన్నిసార్లు ‘ఈ సౌకర్యం లేదు’ అని ఊహించేసుకుంటుంది. బిల్డ్ పచ్చగా పూర్తవుతుంది, ప్రోగ్రాంలో ఒక సౌకర్యం ఎగిరిపోతుంది. డిపెండెన్సీల వరుసలో ఒక లైబ్రరీ తగ్గి కనిపించడమే దానికి ఆనవాలు.

అభ్యాసం: ఈ అయిదింటిలో గరిటెలేవో, కూరలేవో చెప్పండి – బైసన్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ, గెట్‌టెక్స్ట్, పెర్ల్, ఎన్‌కర్సెస్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ. ఆప్ట్‌లో ఒక్కొక్కదాని మల్టీ-ఆర్చ్ గుర్తు చూసి, కంట్రోల్ ఫైలులో ఏది ఎలా రాయాలో తేల్చండి. ఏడో భాగంలో పదకోశం నుంచి ఒక లైబ్రరీని విడదీసి, దానికి మనమే ‘సేమ్’ గుర్తు వేద్దాం.