జర్మనీ వీసా దరఖాస్తు విధానం: ఫ్యూసెన్ దగ్గరి కోట చూడబోయే అమ్మానాన్నల కోసం

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే ముందుగా చూపించే ఊరు మా తెలుగువాళ్లలో చాలామందికి ఒకటే: ఫ్యూసెన్. రెండు గంటల రైలు ప్రయాణం, ఆల్ప్స్ కొండల అంచున చిన్న ఊరు, పక్కనే రెండవ లూడ్విగ్ రాజు కట్టించిన నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట. రైలు ఎక్కడం కష్టం కాదు. అక్కడిదాకా రానిచ్చే వీసా దగ్గరే చిక్కంతా.

ఈ మధ్య తెలిసినవాళ్ల తల్లిదండ్రులకు వీసా రాలేదు. ఏజెంటు తయారుచేసిన ఫైలు తెప్పించి చూశాను. పదిహేను రోజుల్లో ఏడు నగరాలు. పారిస్‌లో నాలుగు రాత్రులు, కొడుకు ఉండే మ్యూనిక్‌లో ఒక్క రాత్రి. తొమ్మిదో రోజుకు ఎదురుగా ‘నాయ్‌ష్వాన్‌స్టైన్ రైల్వే స్టేషన్‌లో దిగుట’ అని ఉంది. అలాంటి స్టేషన్ ఎక్కడా లేదు. ఆ పెద్దాయనకు పారిస్ వెళ్లే ఆలోచనే లేదు. కొడుకు ఇంట్లో నెల రోజులు ఉండి, ఒకసారి కోట చూసి వెళ్దామనుకున్నారు. ఆ మాట ఫైలులో ఎక్కడా లేదు.

అందువల్ల తేలిక పనులు గబగబా చెప్పి, ఏ రోజు ఎక్కడుంటారో చెప్పే ఆ కాగితం దగ్గర ఆగుతాను.

మీకు కావలసింది షెంగెన్ (జర్మనీతో సహా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) స్వల్పకాలిక వీసా. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవికి వచ్చేవాళ్లు మార్చి దాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకదు, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తరువాత కూడా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నింటికీ, ఉండబోయే ప్రతి రోజుకూ వర్తించాలి. వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, దాన్ని రూపాయల్లో కడతారు. దరఖాస్తు కేంద్రం తన సేవా రుసుము విడిగా తీసుకుంటుంది, దానికి రసీదు ఇస్తుంది. అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి మాత్రం డబ్బు కట్టనక్కరలేదు. ‘స్లాటు ఇప్పిస్తాం, మనిషికి ఇంత’ అని ఎవరైనా అంటే, ఉచితంగా దొరికేదాన్ని మీకు అమ్ముతున్నారన్నమాట.

పేరు విషయం ఒకటి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకులో పొడి అక్షరాలుగా ఉంటాయి. దరఖాస్తు, బీమా, విమాన రిజర్వేషన్, ఆహ్వాన పత్రం, అన్నింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయండి. బ్యాంకు కాగితంలో తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని రెండు వాక్యాల వివరణ జతచేయండి.

ఇక అసలు కాగితం, రోజువారీ ప్రయాణ ప్రణాళిక. ఎవరూ దీన్ని పట్టించుకోరు. ఏజెంటు కంప్యూటర్‌లో పాత నమూనా ఒకటి సిద్ధంగా ఉంటుంది, పేర్లు మార్చి అచ్చు తీసి ఇస్తాడు. ఎన్ని నగరాలుంటే అంత గట్టి ఫైలని ఆయన లెక్క. వీసా అధికారి లెక్క వేరు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో, లేదా ఏ దేశం ప్రయాణానికి అసలు కారణమో, ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది షెంగెన్ నియమం. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. పారిస్‌లో నాలుగు రాత్రులు రాసి జర్మనీకి దరఖాస్తు పెడితే మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆ తరువాత ప్రతి రాత్రికీ బస చూపాలి, ప్రతి నగరానికీ ఎలా వెళ్తారో చెప్పాలి, అరవై ఐదేళ్ల దంపతులు రెండు రోజులకో దేశం ఎందుకు మారుతున్నారో నమ్మించాలి. ఎక్కడ పొంతన కుదరకపోయినా, తిరస్కరణ పత్రంలో ప్రయాణ ఉద్దేశానికీ బసకూ తగిన ఆధారం చూపలేదన్న గడిలో టిక్కు పడుతుంది.

నిజం రాయడం సులువు, అది చిన్నగా కూడా ఉంటుంది. కొడుకు ఇంట్లో ఉండే ఇరవై ఎనిమిది రోజులకు ఇరవై ఎనిమిది వింతలు కనిపెట్టనక్కరలేదు. ‘మే 2 నుంచి 11 వరకు మ్యూనిక్‌లో మా అబ్బాయి ఇంట్లో’ అని ఒక్క వరుసలో రాసి, చిరునామా ఇస్తే చాలు. ఊరు దాటే రోజులను మాత్రం విడదీసి రాయండి. ఫ్యూసెన్ ప్రయాణం ఇలా ఉంటుంది:

మే 12, మంగళవారం. ఉదయం తొమ్మిది దాటాక మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలులో ఫ్యూసెన్‌కు, ప్రయాణం సుమారు రెండు గంటలు. మధ్యాహ్నం పాత ఊరు, హోఎస్ ష్లోస్ కోట. రాత్రి బస ఫ్యూసెన్ హోటల్‌లో (రిజర్వేషన్ జతచేశాం).
మే 13, బుధవారం. ఉదయం బస్సులో హోఎన్‌ష్వాంగావ్‌కు, నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట సందర్శన. సాయంత్రం రైలులో తిరిగి మ్యూనిక్‌కు, అబ్బాయి ఇంటికి.

ఇంతే. ఇందులో గమనించవలసినవి ఉన్నాయి. రైలు ఫ్యూసెన్‌తో ఆగిపోతుంది, పట్టాలు అక్కడితో సరి. నాయ్‌ష్వాన్‌స్టైన్ ఫ్యూసెన్ ఊళ్లో లేదు, నాలుగు కిలోమీటర్ల అవతల ష్వాంగావ్ పంచాయతీ కిందికి వచ్చే హోఎన్‌ష్వాంగావ్ అనే పల్లె పైన ఉంది. ఫ్యూసెన్ ఊళ్లో ఉన్నది ఒకప్పటి ఆగ్స్‌బర్గ్ బిషప్పుల కోట, హోఎస్ ష్లోస్. దాని లోపలి ముంగిట్లో నిలబడితే గోడల నిండా చెక్కిన కిటికీ చట్రాలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే చాలావరకు రంగుతో వేసిన బొమ్మలే. ఈ తేడాలన్నీ అధికారి పరీక్ష పెట్టి అడగరు. కానీ తిరగబోయే ఊరి గురించి ఒక పూట కూర్చుని తెలుసుకుని రాసిన కాగితానికీ, నమూనాలోంచి దింపిన కాగితానికీ తేడా చదివేవాళ్లకు తెలిసిపోతుంది. అపాయింట్‌మెంట్ నాడు ఎవరైనా ఏదైనా అడిగితే అమ్మ కూడా తడుముకోకుండా చెప్పగలుగుతుంది.

హోటల్ నిజంగా బుక్ చేయండి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది ఎంచుకోండి. నిర్ణయం వచ్చేదాకా రద్దు చేయకండి. ఫైలు ఇచ్చిన సాయంత్రమే రద్దు చేసే అలవాటు కొందరు ఏజెంట్లకు ఉంది. విమానానికి రిజర్వేషన్ సరిపోతుంది, వీసా రాకముందు డబ్బంతా కట్టి టికెట్ కొనవద్దు. కోట టికెట్ కూడా వీసా వచ్చాకే.

ఖర్చు ఎవరు పెడతారన్నది రెండో మెట్టు. అమ్మానాన్నలు తమ డబ్బుతోనే వస్తుంటే గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, పింఛను పత్రం పెట్టండి. అపాయింట్‌మెంట్‌కు వారం ముందు ఖాతాలో ఐదు లక్షలు వచ్చి పడితే అది బలం కాదు, అనుమానం. పొలం అమ్మిన డబ్బే అయితే ఆ కాగితం కూడా జతచేయండి. పట్టాదారు పాసుపుస్తకం పెట్టేవాళ్లు దానికి ఇంగ్లీషు అనువాదం చేయించండి. తెలుగులో ఉన్నదాన్ని చదివి అర్థం చేసుకోవలసిన బాధ్యత అధికారిది కాదు.

పిల్లలు ఖర్చు భరిస్తుంటే మామూలు ఆహ్వాన లేఖ చాలదు. జర్మనీలో మీ అబ్బాయి ఉండే ఊరి విదేశీయుల కార్యాలయంలో ‘ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్’ అనే హామీపత్రం తీసుకోవాలి. పేరు పలకడం రాకపోయినా నష్టం లేదు, కాగితం ఉంటే చాలు. జీతం చీటీలు, ఇంటి అద్దె ఒప్పందం చూపి, అధికారి ఎదుట సంతకం చేయాలి. రుసుము 29 యూరోలు. దాని అసలు ప్రతి ఇండియాకు రావాలి. ఫోనులో పంపిన ఫొటో అచ్చు తీసుకుని వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లున్నారు. మ్యూనిక్‌లో ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు, అందుకని హైదరాబాద్‌లో తేదీ తీసుకోకముందే దీన్ని మొదలుపెట్టండి. సంతకం పెట్టే అబ్బాయి కూడా ఒకసారి చదువుకోవాలి. వైద్యం ఖర్చుతో సహా తల్లిదండ్రుల మీద అక్కడ ప్రభుత్వానికి అయ్యే ఖర్చు తాను కడతానని చట్టప్రకారం ఇచ్చే మాట అది. బీమా విషయంలో పిసినారితనం ఎందుకు వద్దో అప్పుడు అర్థమవుతుంది.

కేంద్రంలో ఇచ్చే రోజు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. గత 59 నెలల్లో షెంగెన్ వీసాకు వేలిముద్రలు ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వనక్కరలేదు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్నింటికి 45 రోజుల దాకా పడుతుంది. కేంద్రంలో కూర్చునేవాళ్లు కాగితాలు తీసుకుంటారే కానీ వీసా ఇచ్చేది వాళ్లు కాదు. ‘లోపల మనవాడున్నాడు’ అన్నవాడికి అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తిరస్కరిస్తే ఏమిటన్న భయం అందరికీ ఉంటుంది. అది జీవితకాలపు మచ్చ కాదు. పాత రోజుల్లో వీసా కార్యాలయానికే అభ్యంతర లేఖ రాసే వీలుండేది, జర్మనీ దాన్ని 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు మిగిలినవి కోర్టు, కొత్త దరఖాస్తు. కోట చూడడానికి బెర్లిన్ కోర్టుకు వెళ్లేవాళ్లు ఎవరుంటారు! కారణం ఏ గడిలో ఉందో చూసి, ఆ కాగితం సరిచేసి మళ్లీ పెట్టడమే దారి. నేను చెప్పిన దంపతులు అలాగే చేశారు. ఏడు నగరాలు తీసేసి, పైన చూపినలాంటి ఒక్క పేజీ రాసి, అబ్బాయి హామీపత్రం జతచేశారు. రెండోసారి వచ్చింది.

వీసా స్టిక్కరు చేతికి రాగానే పేరు, తేదీలు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు ప్రవేశం అన్నవి సరిచూసుకోండి. తప్పుంటే వెంటనే చెప్పాలి. అప్పుడు కోట టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది, అది దాటితే టికెట్ చెల్లదు. పల్లెలోని టికెట్ కేంద్రం నుంచి పైకి నడక ముప్పై నలభై నిమిషాలు, మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇంకా ఎక్కువ. బస్సు, గుర్రపు బండి ఉన్నాయి కానీ అవి కూడా గుమ్మం దాకా రావు, మంచు పడితే బస్సు తిరగదు. లోపల ఎక్కే దిగే మెట్లు కలిపి మూడు వందలు దాటతాయి, అందుకని నాన్నగారిని ముందే అడగండి. మెట్లు వద్దంటే కింద ఆల్ప్‌సే సరస్సు ఒడ్డున కూర్చోబెట్టవచ్చు, అక్కడా పొద్దు తెలియదు.

రైలుకు బయర్న్ టికెట్ (మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా తిరగడానికి ఒక రోజు టికెట్) తీసుకుంటే ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లవచ్చు. పని దినాల్లో ఉదయం తొమ్మిది నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ప్రాంతీయ రైళ్లకే తప్ప వేగపు రైళ్లకు పనికిరాదు, ఫ్యూసెన్‌కు వెళ్లేవి ప్రాంతీయ రైళ్లే కనుక ఇబ్బంది లేదు. యంత్రంలో కొన్న టికెట్ మీద పేర్ల కోసం ఖాళీ గీతలుంటాయి. రైలు ఎక్కకముందే ప్రయాణికులందరి పేర్లు వాటి మీద పెన్నుతో రాయాలి. పెన్ను ఇంటి దగ్గర నుంచే తెచ్చుకోండి.