బడి ఎంచుకునే యాప్ డిజైన్‌కు ముందు జాగ్రత్తలు

స్క్రీన్లు గీయకముందే ఇవి చూసుకోండి.

• ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో ఆ బడి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. డేటా అంతా దానికే ముడిపెట్టండి. ఒకే పేరుతో హైదరాబాద్‌లో ఎన్నో బ్రాంచీలు ఉంటాయి. పేరు చూసి కలిపేస్తే ఒకదాని ఫీజు ఇంకోదానికి అంటుకుంటుంది.

• అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఫీజు దగ్గర. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూపిస్తే తల్లిదండ్రులను తప్పుదారి పట్టించినట్టే. అడ్మిషన్, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి మొదటి ఏడాది ఎంతవుతుందో ఒకే మొత్తంగా చూపండి. అది ఏ విద్యా సంవత్సరానిదో పక్కనే రాయండి. వివరం దొరక్కపోతే 'తెలియదు' అనండి, సున్నా వేయకండి. యాప్‌లో చూపినదానికీ అసలు ఖర్చుకీ తేడా వస్తే, జూన్‌లో దాని కోసం అప్పు చేయాల్సింది తల్లిదండ్రులే.

• 'సీబీఎస్ఈ సిలబస్' అని బోర్డు పెట్టిన ప్రతి బడికీ సీబీఎస్ఈ అఫిలియేషన్ (ఆ బోర్డు ఇచ్చే అనుబంధ గుర్తింపు) ఉండదు. రెండింటికీ వేర్వేరు గడులు పెట్టండి. గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో కూడా.

• ప్రభుత్వ బడులు, గురుకులాలు జాబితాలో ఉండాలి. లేకపోతే అది సగం యాప్.

• 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలవి. మైనారిటీ బడులకు మినహాయింపు ఉంది. ఈ సమాచారం మెనూలో ఎక్కడో దాచకండి.

• పిల్లల పేరు, ఆధార్ అడగొద్దు. తరగతి, ప్రాంతం చాలు. 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, కాబట్టి పై తరగతుల వాళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

• డబ్బు కట్టి పైకొచ్చిన బడికి 'ప్రకటన' అని పెద్ద అక్షరాల్లో రాయండి, తెలుగులోనే.