ఇంప్లాంట్ పన్ను ఎముకలో నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి?

ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకునేవారు చాలామంది పైకి కనిపించే పన్ను ఎలా ఉంటుందనే మొదట అడుగుతారు, కానీ అంతకన్నా ముందు తెలుసుకోవలసింది దాన్ని మోసే ఎముక గురించి. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. దాని మీద అబట్‌మెంట్ అనే మధ్యభాగం, ఆపైన క్రౌన్ అనే కృత్రిమ పన్ను వస్తాయి. పంటివేరు పని చేసే ఆ స్క్రూను కలకాలం నిలబెట్టేది బిగించిన బలం కాదు, తర్వాతి నెలల్లో దాని చుట్టూ పెరిగే మన సొంత ఎముకే.

టైటానియంకు గాలి తగలగానే ఉపరితలం మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర వల్ల లోహం శరీర ద్రవాల్లో తుప్పు పట్టదు, ఎముక కూడా దాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది. స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1950ల్లో కుందేళ్ళ ఎముకల్లో అమర్చిన టైటానియం పరికరాలు తిరిగి ఊడి రాకపోవడం గమనించి ఈ గుణాన్ని పట్టుకున్నాడు. 1965లో తొలిసారి ఒక రోగి దవడలో ఇంప్లాంట్లు అమర్చాడు.

శస్త్రచికిత్సకు ముందు మీకున్న జబ్బులు, వాడుతున్న మందులు అన్నీ వైద్యునికి చెప్పాలి. అదుపులో లేని మధుమేహం, పొగతాగే అలవాటు ఎముక మానడాన్ని దెబ్బతీస్తాయి కనుక చక్కెరను అదుపులోకి తెచ్చుకుని, పొగ మానేసిన తర్వాతే ముందుకు వెళ్ళడం మంచిది. ఎముకలు గుల్లబారినందుకు బిస్ఫాస్ఫోనేట్ మందులు వాడేవారు, దవడకు రేడియేషన్ తీసుకున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, అయితే ఏ మందునూ సొంతంగా ఆపకూడదు. చిగుళ్ళ వ్యాధి ఉంటే దాన్ని ముందు నయం చేయించుకోవాలి. దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్ పెట్టరు, ఎందుకంటే చుట్టూ ఉన్న పళ్ళు దవడతోపాటు కదులుతాయి, ఇంప్లాంట్ మాత్రం పెట్టినచోటే ఉండిపోతుంది.

త్రీడీ స్కాన్‌లో ఎముక ఎత్తు, వెడల్పులతోపాటు కింది దవడలోని నరం, పై దవడ మీది సైనస్ ఎంత దూరంలో ఉన్నాయో కనిపిస్తుంది. పన్ను పోయి చాలాకాలమైతే అక్కడి ఎముక కరిగి సన్నబడుతుంది. అప్పుడు ముందుగా ఎముక పొడి వేసి నింపవలసి రావచ్చు. ఈ స్కాన్‌ను చూపించి వివరించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

శస్త్రచికిత్స సాధారణంగా ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మత్తు ఇంజెక్షన్‌తోనే జరుగుతుంది. డ్రిల్ చేసేటప్పుడు సెలైన్ నీటిని ఆపకుండా పోస్తుంటారు, ఎందుకంటే ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిని నిమిషం పాటు భరించినా అక్కడి కణాలు దెబ్బతింటాయి.

అసలు ఓపిక కావలసింది ఆ తర్వాతే. బిగించిన రోజున స్క్రూకు ఉండే పట్టు పాత ఎముక ఒత్తిడి వల్ల వచ్చినది. తొలి వారాల్లో ఆ పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్త ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. అందువల్ల సుమారు రెండు నుంచి నాలుగు వారాల మధ్య పట్టు తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయానికే నొప్పీ వాపూ పోయి, అంతా మానిపోయిందనిపిస్తుంది. అందుకే నొప్పి లేదన్న ధైర్యంతో ఆ వైపు గట్టివి నమలకూడదు, నాలుకతోనో వేలితోనో దాన్ని కదపకూడదు. మొదటినుంచీ అనుసరించిన పద్ధతిలో కింది దవడకు దాదాపు మూడు నెలలు, మెత్తని ఎముక ఉండే పై దవడకు ఆరు నెలల వరకు క్రౌన్ పెట్టకుండా ఆగేవారు. మొదటి పట్టు బాగా ఉన్న కొందరికి ఇప్పుడు తాత్కాలిక పన్ను త్వరగానే పెడుతున్నారు. ఆ తొందర మీకు తగునా అన్నది మీ ఎముకను చూసి నిర్ణయించవలసిన విషయం.

క్రౌన్ పెట్టాక కొరుకును, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరును, జాగ్రత్తగా సరిచేయించుకోవాలి. సహజమైన పంటికి, ఎముకకు మధ్య ఒత్తిడిని గ్రహించే మెత్తని పొర ఉంటుంది. ఇంప్లాంట్‌కు అది లేదు, కాబట్టి భారం ఎక్కువైనా వెంటనే తెలియదు. రాత్రి పళ్ళు కొరికే అలవాటున్నవారు నిద్రలో పళ్ళ మీద పెట్టుకునే నైట్ గార్డ్ అనే తొడుగు గురించి అడగాలి.

టైటానియంకు పుచ్చు పట్టదు, కానీ చుట్టూ పాచి పేరుకుంటే చిగురు వాచి, ఎముక కరగడం మొదలవుతుంది. ఇది చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. అందుకే రోజూ బ్రష్‌తోపాటు పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడాలి. తోమేటప్పుడు రక్తం కనిపించినా, చీము వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. పన్ను కదులుతున్నట్టు అనిపిస్తే ఒక్కోసారి అబట్‌మెంట్‌ను ఇంప్లాంట్‌కు పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులై ఉండవచ్చు, బిగిస్తే సరిపోతుంది. అలాగే నమలడం కొనసాగిస్తే మాత్రం అది విరిగిపోవచ్చు.

మీకు పెట్టిన ఇంప్లాంట్ తయారీదారు పేరు, మోడల్, వ్యాసం, పొడవు రాయించుకుని భద్రపరచుకోండి. ఏళ్ళ తర్వాత మరో వైద్యుడు దాన్ని విప్పాల్సి వస్తే, సరిపోయే పనిముట్టు ఏదో ఆ కాగితమే చెబుతుంది.