హెపటైటిస్ సి మందులతో రక్తం తగ్గుతోందా? పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని సూచనలు

ముందు ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాది తీరిక దొరికినప్పుడు చదువుకోండి. హెపటైటిస్ సి మందులు వాడుతుండగా రక్తం తగ్గిందని తెలిస్తే, సూట్‌కేసులో తెచ్చుకున్న ఐరన్ మాత్రలు బయటికి తీయకండి. రక్తం పట్టే టానిక్కులూ వద్దు. ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

ఈమధ్య కొత్తగా వచ్చిన ఒక తమ్ముడితో ఫోన్లో మాట్లాడాను. చికిత్స మొదలై అప్పటికి మూడో వారం. ఒక వాక్యం పూర్తి చేసేలోపే ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఏంట్రా ఆ ఆయాసం అంటే, "కొత్త చోటు కదన్నా, వాతావరణం ఇంకా పడలేదు" అన్నాడు. ఉండేది రెండో అంతస్తులో. సగం ఎక్కి మెట్ల మీదే కూర్చుని, కాసేపాగి పైకి వెళ్తున్నాడట. ఏం మందులు వేసుకుంటున్నావని అడిగితే, డాక్టరిచ్చినవి కాక వాళ్లమ్మ పెట్టి పంపిన ఐరన్ మాత్రలు కూడా పూటకొకటి మింగుతున్నానన్నాడు. రక్తపరీక్ష తేదీ దాటిపోయింది. హాస్పిటల్ నుంచి వచ్చిన ఉత్తరం విప్పనేలేదు, ఆ భాష ఎలాగూ అర్థం కాదని.

నేను వచ్చిన కొత్తలో నా పరిస్థితీ ఇంచుమించు ఇంతే. లివర్ అప్పటికే బాగా దెబ్బతిని ఉండడంతో కొత్త మాత్రలకు తోడు రైబవిరిన్ అనే పాత మందు కూడా కలిపారు. రాత్రి పడుకుంటే దిండుకు ఆనించిన చెవిలో నా గుండె చప్పుడే నాకు వినిపించేది. పొద్దున ముఖం కడుక్కుని తలెత్తితే కళ్లు చీకట్లు కమ్మేవి, వాష్‌బేసిన్ అంచు పట్టుకుని నిలబడేవాణ్ని. చుట్టుపక్కలవాళ్లు ప్రయాణ బడలిక అన్నారు, ఇంటి మీద బెంగ అన్నారు, నిద్ర లేక అన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఉన్న ప్రమాదమే ఇది. ఏ నీరసానికైనా చెప్పుకోవడానికి ఒక కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ సందడిలో అసలు కారణం ఎవరికీ కనిపించదు.

ఇది అందరికీ వచ్చే ఇబ్బంది కాదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే 8 వారాల, 12 వారాల మాత్రలతో, అంటే సోఫోస్‌బువిర్-వెల్పటాస్విర్, గ్లెకాప్రెవిర్-పిబ్రెంటాస్విర్ లాంటివాటితో, మామూలుగా రక్తం ఇలా పడిపోదు. రక్తాన్ని దెబ్బతీసేది రైబవిరిన్. 1998 నుంచి చాలా ఏళ్లపాటు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో కలిపి దాదాపు ప్రతి ఒక్కరికీ అదే ఇచ్చేవారు. ఇప్పుడు లివర్ బాగా పాడైన సిర్రోసిస్ ఉన్నవాళ్లకీ, ముందు వాడిన మందులు పనిచేయని కొందరికీ మాత్రమే కలుపుతున్నారు. మీ మందుల డబ్బాల మీద ఆ పేరు ఉందో లేదో ఇప్పుడే చూడండి. అది లేకుండానే హిమోగ్లోబిన్ పడిపోతుంటే ఇంకా తొందరపడాలి, ఎందుకంటే లోపల ఎక్కడో రక్తం పోతూ ఉండొచ్చు.

ఎర్ర రక్తకణం మామూలుగా 120 రోజుల దాకా బతుకుతుంది. రైబవిరిన్ ఆ కణంలోకి దూరి అక్కడే పేరుకుపోతుంది, దాన్ని విడగొట్టి బయటికి పంపే ఎంజైములు ఆ కణంలో ఉండవు. దాంతో కణంలోని శక్తి తరిగిపోయి, పైపొర దెబ్బతిని, కాలం తీరకముందే శరీరం దాన్ని ఏరిపారేస్తుంది. అంటే మీ ఒంట్లో రక్తం తయారవడానికి సరుకు లేక కాదు, తయారైన కణాలు ముందే విరిగిపోవడం వల్ల వచ్చిన రక్తహీనత ఇది. ఇనుము కొరత లేనిచోట ఇంకా ఇనుము పోస్తే ఏం ఒరుగుతుంది?

ఒరగకపోగా చేటు కూడా. హెపటైటిస్ సి ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొంతమందికి లివర్‌లో ఇనుము ఉండాల్సినదానికంటే ఎక్కువే పేరుకుని ఉంటుంది, అది లివర్‌ను ఇంకా నలిపేస్తుంది. రెండో సంగతి, ఐరన్ మాత్రలకు మలబద్ధకం వస్తుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు మలబద్ధకం చిన్న విషయం కాదు, ఒంట్లోని విషపదార్థాలు బయటికి పోక మతిమరుపు, తికమక, మగత దాకా వెళ్లొచ్చు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది మూడోది. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. సిర్రోసిస్‌లో అన్నవాహికలోనో కడుపులోనో ఉబ్బిన రక్తనాళం చిట్లితే కూడా మలం నల్లగా, జిగురుగా వస్తుంది. ప్రాణం మీదికి వచ్చిందని చెప్పే గుర్తు అది. మీరు ఐరన్ మింగుతూ ఉంటే దాన్ని చూసి కూడా "మాత్రల వల్లేలే" అనుకుని ఫ్లష్ కొట్టి వచ్చేస్తారు. ఇందుకే ఆ తమ్ముడి మీద గట్టిగా అరిచాను, ఇందుకే మీ మీదా అరుస్తున్నాను.

కొందరికి నిజంగానే ఇనుము తక్కువ ఉండొచ్చు, ముఖ్యంగా నెలసరిలో రక్తం ఎక్కువ పోయే ఆడవాళ్లకు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష చేస్తే అది తేలిపోతుంది, అవసరమైతే డాక్టరే రాస్తారు. బి12, ఫోలిక్ యాసిడ్ సంగతి కూడా అప్పుడే అడగండి. బలానికని వేసుకునే మల్టీవిటమిన్ మాత్రల్లో చాలావాటిలోనూ ఐరన్ ఉంటుంది, లేబుల్ చదవండి. ఇంటికి ఫోన్ చేసి "రక్తం తక్కువగా ఉందట" అంటే అవతలి నుంచి ఏ సలహా వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రేమతోనే చెప్తారు. సరే అనండి, మింగకండి.

ఇక పరీక్షలు. రైబవిరిన్ మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత 2వ వారంలో, 4వ వారంలో బ్లడ్ కౌంట్ చేయించాలి. ఆ తర్వాత ఎప్పుడెప్పుడన్నది డాక్టరు చెప్తారు. హిమోగ్లోబిన్ తగ్గడం మొదటి ఒకటి రెండు వారాల్లోనే మొదలై, 4 వారాలకల్లా తగ్గాల్సినది చాలావరకు తగ్గిపోతుంది. సాధారణంగా డెసిలీటరుకు 2 నుంచి 3 గ్రాములు పడిపోతుంది. కాబట్టి తప్పించకూడని తేదీలు సరిగ్గా ఆ మొదటి నెలలోనివే. కొత్తవాళ్లు ఇల్లు మారేదీ, ఫోన్ నంబరు మార్చేదీ కూడా ఆ నెలలోనే. ఇల్లు మారితే హాస్పిటల్‌కి కొత్త అడ్రసు ఇవ్వండి. ఉత్తరం వస్తే విప్పండి. అర్థం కాకపోతే ఫోటో తీసి ఫోన్లో అనువాదం చేసుకోండి, కనీసం తేదీ అయినా తెలుస్తుంది.

రిపోర్టు చేతికి వచ్చాక అంకె చూసి గుండె ఆగినంత పని అవుతుంది కొందరికి. కొన్ని దేశాల్లో హిమోగ్లోబిన్‌ను డెసిలీటరుకు గ్రాముల్లో రాస్తారు, కొన్నిచోట్ల లీటరుకు గ్రాముల్లో, ఇంకొన్నిచోట్ల మిల్లీమోల్స్‌లో. ఒకే మనిషి రక్తం ఒకచోట 12.8, ఇంకోచోట 128, మరోచోట 7.9. మూడూ ఒకటే. 7.9 చూసి ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. అంకె పక్కన కొలమానం ఏముందో చూశాకే టెన్షన్ పడాలా వద్దా అన్నది తేల్చుకోండి.

పాత రిపోర్టు, అంటే మందులు మొదలుపెట్టకముందుది, తప్పకుండా దగ్గర ఉంచుకోండి. ఇప్పుడు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎంత నుంచి పడిందన్నదీ అంతే ముఖ్యం. 15 నుంచి 11కి పడినవాళ్లు, 12 నుంచి 11కి వచ్చినవాళ్లకంటే చాలా ఎక్కువ ఆయాసపడతారు. కొత్త డాక్టరుకు మీ పాత అంకె తెలియదు, మీరు చూపించకపోతే.

గుండె జబ్బు లేనివాళ్లకు హిమోగ్లోబిన్ 10 కంటే దిగితే సాధారణంగా రైబవిరిన్‌ను రోజుకు 600 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు, 8.5 కంటే దిగితే ఆపేస్తారు. ఇవి డెసిలీటరుకు గ్రాముల లెక్కలు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు 4 వారాల్లో 2 గ్రాములు పడినా డోసు తగ్గిస్తారు. అందుకే ఎప్పుడో స్టెంట్ వేయించుకున్న సంగతి, ఛాతీనొప్పి వచ్చిన సంగతి మొదటి రోజే చెప్పాలి. మీ అంతట మీరు డోసు తగ్గించకండి. బాగా లేదని వైరస్‌ను చంపే అసలు మాత్రలు కూడా ఆపేసేవాళ్లున్నారు. ఆ పని అస్సలు వద్దు, ఆపాల్సి వస్తే ఏది ఆపాలో డాక్టరు చెప్తారు.

డాక్టరు దగ్గర "నీరసంగా ఉంది" అని ఊరుకోకండి. ఆ మాట వాళ్లు రోజంతా వింటూనే ఉంటారు. పోయిన నెల ఆగకుండా రెండంతస్తులు ఎక్కేవాణ్ని, ఇప్పుడు సగంలోనే కూర్చుంటున్నాను అని చెప్పండి. స్నానం చేసి బయటికి రాగానే కళ్లు తిరుగుతున్నాయని చెప్పండి. భాష రాకపోతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ కావాలని అడగండి, చాలా హాస్పిటళ్లలో ఏర్పాటు చేస్తారు. పిల్లల్ని తీసుకెళ్లి వాళ్లచేత చెప్పించకండి. వాళ్లు భయపడి సగం మింగేస్తారు, మీరూ వాళ్ల ముందు సగమే చెప్తారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. రక్తకణాలు ముందే విరిగిపోతుంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో షుగర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రిపోర్టు బాగుందని మురిసిపోయి మందులు తగ్గించుకోకండి. వేలికి సూది గుచ్చి చూసే పరీక్షే ఆ రోజుల్లో నమ్మదగ్గది. కళ్లు కొంచెం పచ్చబడినా కంగారు పడకండి, విరిగిన కణాల వల్ల కూడా బిలిరుబిన్, అంటే కళ్లను పచ్చబరిచే పదార్థం, పెరుగుతుంది. అయినా చూపించుకోవాలి, లివర్ వల్లనా కణాల వల్లనా అన్నది పరీక్ష తేలుస్తుంది, అద్దం తేల్చదు.

కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, రక్తపు వాంతి, నల్లటి మలం: వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. మీరున్న దేశపు అత్యవసర నంబరు ఫోన్లో పెట్టుకున్నారా? లేకపోతే ఇది చదవడం ఆపి అది చేసి రండి.

రోజువారీ జాగ్రత్తలు మీకు తెలియనివి కావు. మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి, అంచున కాసేపు కూర్చుని లేవండి. కళ్లు తిరుగుతున్న రోజున బండి నడపకండి. రైబవిరిన్ భోజనంతో పాటే వేసుకోండి. పనిచేసే చోట బరువులెత్తడం, రాత్రి షిఫ్టులు కొన్నాళ్లు తప్పించమని డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకోవచ్చు, జబ్బు పేరు లేకుండా "చికిత్స వల్ల రక్తహీనత" అని మాత్రమే రాయమని అడగండి. కొత్త ఉద్యోగంలో అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా అడగండి.

ఇంకొకటి, దీని మీద వాదన లేదు. రైబవిరిన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. భార్య వాడినా భర్త వాడినా, చికిత్స నడుస్తున్నంతకాలం, ఆపేశాక కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆడవాళ్లకు 9 నెలలు చెప్పేవాళ్లూ ఉన్నారు. మీ డాక్టరు ఏది చెప్తే అది.

సరే, ఇంత భయపెట్టాక ఇది కూడా చెప్పాలి. ఈ రక్తహీనత పోతుంది. కోర్సు అయిపోయాక కొత్త కణాలు నిండుకాలం బతకడం మొదలవుతుంది, సాధారణంగా ఒకటి రెండు నెలల్లో హిమోగ్లోబిన్ మళ్లీ మామూలుకి వస్తుంది. మర్నాడే తేడా కనిపించదు, ఎందుకంటే రైబవిరిన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది. డోసు తగ్గించారని బెంగపడకండి, కొత్త మాత్రలతో కలిపి వాడేటప్పుడు రైబవిరిన్ తగ్గించినా నయమయ్యే అవకాశం పెద్దగా తగ్గదు. ఈ మందులతో 100 మందిలో 95 మందికి పైగా నయమవుతోంది, లివర్ బాగా పాడైనవాళ్లలో కొంచెం తక్కువ. ఆ తమ్ముడికి డోసు తగ్గించారు, ఐరన్ ఆపించారు, తర్వాతి రిపోర్టులో అంకె అక్కడే నిలబడింది. నిలబడితే చాలు, కోర్సు పూర్తిచేయొచ్చు.

కోర్సు ముగిసిన 12 వారాలకు చేసే వైరస్ పరీక్ష తేదీ ఇప్పుడే రాసుకోండి. ఒంట్లో బాగుందని చాలామంది దానికి ఎగనామం పెడతారు. వైరస్ లేదని వచ్చిన ఆ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు కాపీ తీసుకుని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. వైరస్‌ను కాకుండా దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను చూసే యాంటీబాడీ పరీక్ష నయమైనా ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. రేపు ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో ఎవరైనా ఆ పరీక్ష చేసి మీకు మళ్లీ జబ్బుందన్నప్పుడు, చూపించడానికి ఆ కాగితం కావాలి.